పాత అంబాసిడర్, పద్మిని కార్లు ఎండాకాలంలో ఉడికిపోకుండా కూలింగ్ సిస్టమ్ బాగుచేసుకోవడం ఎలా

మే నెలలో వరంగల్ ఎండ 44, 45 డిగ్రీలకు చేరిన రోజున పాత అంబాసిడర్‌తో హన్మకొండ చౌరస్తా ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే టెంపరేచర్ ముల్లు మెల్లగా పైకి పోతుంది. కాసేపటికి బానెట్ సందుల్లోంచి ఆవిరి. చాలామంది ఇది పాత బండి గుణమని సరిపెట్టుకుని, డిక్కీలో నీళ్ల క్యాను పెట్టుకుని తిరుగుతారు. అట్లా సరిపెట్టుకోవద్దు. ఈ బండ్లు కొత్తగా ఉన్న రోజుల్లో కూడా మన దగ్గర ఎండలు ఎండలే. అవే బండ్లు ట్యాక్సీలుగా కరీంనగర్, మంచిర్యాల, ఆదిలాబాద్ రోడ్ల మీద నిండా జనంతో తిరిగాయి. ఇప్పుడు వేడెక్కుతున్నాయంటే లోపల ఏదో మూసుకుపోయింది, అరిగింది, లేదా ఎండి పగిలింది. దాన్ని కనిపెట్టి బాగుచేయవచ్చు.

మొదలుపెట్టే ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. రేడియేటర్, దాని మూత, నీళ్ల పంపు, థర్మోస్టాట్ (నీళ్లు వేడెక్కాకే రేడియేటర్ వైపు దారి తెరిచే వాల్వు), హోస్ పైపులు, బెల్టు అన్నీ కలిసి ఒకటే వ్యవస్థ, అన్నిటి వయసూ ఒకటే. కారే భాగం ఒక్కటే మార్చి వదిలేస్తే భారం ఆ తర్వాతి బలహీనమైన దాని మీద పడుతుంది. పాత మూత ఒత్తిడి పట్టకపోవడం వల్లనే ఇన్నాళ్లూ పాత హోస్ బతికి ఉంటుంది. కొత్త మూత పెట్టిన వారానికి హోస్ పగులుతుంది. హోస్ మార్చాక రేడియేటర్ పై ట్యాంకు మాటు ఊడుతుంది. ప్రతిసారీ రోడ్డు మీదే, ప్రతిసారీ ఎండలోనే. అందుకే మొత్తం ఒకేసారి విప్పి చూసుకోమని గట్టిగా చెప్తున్నాను. సంక్రాంతికీ శివరాత్రికీ మధ్య దీనికి మంచి సమయం. చలి శివశివా అని పోయేనాటికి బండి సిద్ధంగా ఉండాలి.

విప్పకముందు చూడాల్సినవి

ఇంజన్ పూర్తిగా చల్లారి ఉండాలి. రాత్రంతా నిలిపిన బండిని పొద్దున చూడటం మేలు. వేడి మీద మూత తిప్పితే మరిగే నీళ్లు ముఖం మీదికి ఎగజిమ్ముతాయి. గుడ్డ కప్పి తిప్పినా అదే ప్రమాదం.

మూత తీసి లోపలికి టార్చి కొట్టండి. నీళ్లు తుప్పు రంగులో ఉంటే ఇంజన్ బ్లాకు లోపలి ఇనుము తుప్పు పట్టి తరుగుతోందని అర్థం. గొట్టాల మూతుల మీద తెల్లటి పొర ఉంటే అది బోరు నీళ్ల ఉప్పు. నీళ్ల మీద నూనె తేలుతున్నా, ఆయిల్ డిప్ స్టిక్ మీద పాలమీగడ లాంటి తెల్లటి నురగ ఉన్నా ఇంజన్ హెడ్‌కూ బ్లాకుకూ మధ్య ఉండే సీలును, అంటే హెడ్ గాస్కెట్‌ను అనుమానించాలి. అయితే చలికాలంలో దగ్గరి దూరాలే తిరిగే బండిలో ఆయిల్ పోసే మూత కింద కొద్దిగా నురగ కట్టడం మామూలే. దానికి కంగారు పడొద్దు.

తర్వాత రేడియేటర్ ముందు వైపు చూడండి. ఇది మన ప్రాంతంలో అందరూ మరిచిపోయే చోటు. పత్తి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్ వైపు పోయే లారీల వెనక ఒక్క గంట నడిపినా రేడియేటర్ సన్నటి రేకు రెక్కల సందుల్లో దూది పోగులు ఇరుక్కుంటాయి. వడ్లు ఆరబోసిన రోడ్ల మీద తిరిగితే పొట్టు పడుతుంది. దాని మీద దుమ్ము చేరి గట్టిపడితే గాలి దూరదు. ఇంజన్ వైపు నుంచి ముందుకు, సన్నటి ధారతో నీళ్లు కొట్టండి. వాషింగ్ సెంటర్ ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోయి ఉన్న దారి కూడా మూసుకుపోతుంది. వేలితో తాకితేనే రెక్కలు పొడిగా రాలుతున్నాయంటే కడిగి లాభం లేదు, ఆ కోర్ (గొట్టాలు, రెక్కలు ఉండే మధ్య భాగం) ఆయుష్షు తీరినట్టే.

ఫ్యాన్‌ను రెండు చేతులతో పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపి చూడండి. ఆడితే పంపు బేరింగ్ పోయింది. పంపు అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. దాని కింద తడి గానీ, నీళ్లు కారి ఎండిన చారలు గానీ ఉంటే లోపలి సీలు పోయింది. ఆ రంధ్రాన్ని ఎమ్‌సీల్‌తో మూసేవాళ్లు ఉన్నారు, మీరు ఆ పని చేయొద్దు. అది మూస్తే నీళ్లు నేరుగా బేరింగ్‌లోకి పోతాయి. కొన్ని పాత పంపులకు గ్రీజు కోసం ఒక స్క్రూ ఉంటుంది. దాన్ని తీసి కొద్దిగా పెడితే చాలు. గన్‌తో ఒత్తిపెట్టి నింపితే గ్రీజు సీలు దాకా పోయి దాన్ని పాడుచేస్తుంది.

చివరగా బ్లాకు పక్కన ఉండే గుండ్రటి రేకు మూతలు, అంటే వెల్చ్ ప్లగ్గులు. ఇవి లోపలి నుంచి తుప్పు పడతాయి కాబట్టి బయట పెయింటు బాగున్నా నమ్మొద్దు. స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టండి. చుట్టూ తుప్పు చార ఉన్నా, తట్టినప్పుడు లోపలికి నొక్కుకుపోయినా మార్చాల్సిందే.

ఒకసారి వేడి చేసి చూడండి

మూత తీసి ఉంచే ఇంజన్ స్టార్ట్ చేయండి. మొదట్లో కొన్ని బుడగలు రావడం సహజం. ఇంజన్ వేడెక్కాక కూడా ఆగకుండా బుడగలు వస్తుంటే, రేస్ ఇచ్చినప్పుడు ఎక్కువవుతుంటే, సిలిండర్ గ్యాసు నీళ్లలోకి వస్తోంది. అలాంటప్పుడు ఇక్కడే ఆగి ముందు హెడ్ సంగతి చూడండి. పద్మిని వాళ్లు ఈ పరీక్షను మరీ జాగ్రత్తగా చేయాలి. అంబాసిడర్ 1489 సీసీ పెట్రోల్ ఇంజన్‌కు హెడ్, బ్లాకు రెండూ పోత ఇనుమే. పద్మిని 1089 సీసీ ఇంజన్‌కు హెడ్ అల్యూమినియం. వేడికి అల్యూమినియం ఇనుము కన్నా ఎక్కువ సాగుతుంది, తొందరగా వంగుతుంది. అంబాసిడర్ తట్టుకున్న వేడిని పద్మిని తట్టుకోకపోవచ్చు.

బుడగలు లేకపోతే మూత పెట్టి బండిని కొంతదూరం తిప్పి రండి. ఇంజన్ ఆపాక రేడియేటర్ కోర్ మీద అక్కడక్కడా వేడి చూడండి. ఆన్‌లైన్‌లో దొరికే చిన్న ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే పని సులువు. పై నుంచి కిందికి వేడి క్రమంగా తగ్గుతూ రావాలి. మధ్యలో ఒక పట్టీ చల్లగా ఉంటే అక్కడి గొట్టాలు మూసుకుపోయాయి.

ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి ఉన్నా (అంటే స్పార్కు ఆలస్యంగా వస్తున్నా), కార్బురేటర్ పెట్రోల్ తక్కువ ఇస్తున్నా, బ్రేకులు పట్టేస్తున్నా కూడా ఇంజన్ వేడెక్కుతుంది. రేడియేటర్ మీద డబ్బులు పెట్టే ముందు ఆ మూడూ సరిచూపించుకోండి.

నీళ్లు దించి కడగడం

చల్లటి ఇంజన్ కింద వెడల్పాటి టబ్బు పెట్టి, రేడియేటర్ అడుగు ట్యాప్‌తో పాటు బ్లాకు పక్కనున్న ట్యాప్ కూడా విప్పండి. రెండోదాన్ని ఎవరూ ముట్టుకోరు. ఏళ్ల తరబడి మడ్డి అంతా చేరేది అక్కడే. ట్యాప్ తిప్పినా చుక్క రాకపోతే లోపల గట్టిపడిపోయిందని అర్థం. ట్యాప్ పూర్తిగా ఊడదీసి, గట్టి తీగతో పొడవండి. మొదట నల్లటి బురద, తర్వాత ఎర్రటి నీళ్లు దూకుతాయి. ఎన్ని లీటర్లు వచ్చాయో కొలిచి రాసుకోండి. మాన్యువల్‌లో ఇచ్చిన లెక్క కన్నా బాగా తక్కువ వస్తే మిగతా చోటంతా మడ్డి ఆక్రమించింది.

థర్మోస్టాట్ తీసి పక్కన పెట్టి, నీళ్ల పైపుతో మామూలు ప్రవాహానికి ఎదురుగా కడగండి. రేడియేటర్‌కు కింది మూతి నుంచి పైకి, బ్లాకుకు పై నుంచి కిందికి. నీళ్లు తేటగా వచ్చేదాకా కడుగుతూనే ఉండాలి. బ్లాకును కడిగేటప్పుడు రేడియేటర్ హోస్ విప్పేసి ఉంచండి, లేకపోతే బ్లాకులోని మడ్డి పోయి రేడియేటర్ గొట్టాల్లో కూర్చుంటుంది.

ఉప్పు పొర నీళ్లకు పోదు. దానికి కిరాణాలో దొరికే నిమ్మ ఉప్పు పనికొస్తుంది. 5 లీటర్ల నీళ్లకు 100 గ్రాములు కలిపి నింపి, ఇంజన్‌ను అరగంట వేడిగా నడిపి దించేయండి. తర్వాత కొద్దిగా వంట సోడా కలిపిన నీళ్లతో ఒకసారి, మంచినీళ్లతో మూడు నాలుగు సార్లు కడగాలి. రాత్రంతా వదిలేయడం, ఘాటు పెంచడం వద్దు. అల్యూమినియం హెడ్ ఉన్న పద్మినికి ఆ రెండూ అసలే వద్దు. ఒక్కోసారి నిమ్మ ఉప్పు వేశాక కొత్తగా లీకు బయటపడుతుంది. ఆ రంధ్రం అప్పటికే ఉంది, ఉప్పు పొర దాన్ని మూసి ఉంచింది. మే నెలలో బయటపడే బదులు ఇప్పుడు పడటమే నయం.

రేడియేటర్: కొత్తది కొనడమా, ఉన్నది బాగుచేయించడమా

అసలు రాగి–ఇత్తడి రేడియేటర్ మీ దగ్గర ఉంటే దాన్ని వదులుకోవద్దు. ఇది నా గట్టి అభిప్రాయం. ప్లాస్టిక్ ట్యాంకు ఉన్న అల్యూమినియం రేడియేటర్ పగిలితే సాధారణంగా పారేయడమే, రాగిదాన్ని మాత్రం మాటు వేసి మళ్లీ మళ్లీ బతికించుకోవచ్చు. లారీలు, ట్రాక్టర్ల రేడియేటర్లు చేసే పాత మేస్త్రీని వెతకండి. చెయ్యి తిరిగిన వాళ్లు వాళ్లే. పై ట్యాంకు, కింది ట్యాంకు విప్పించి, గొట్టాల్లో సన్నటి కడ్డీలు దించి శుభ్రం చేయించండి. వీలైతే ఆ సమయంలో మీరు పక్కనే ఉండండి. మూసుకుపోయిన గొట్టాలు ఎన్నో కళ్లతో చూస్తే కోర్ మార్చాలా వద్దా అన్నది మీకే తెలుస్తుంది. మేస్త్రీ కొన్ని కారే గొట్టాలను రెండు చివరలా మూసేసి ఇస్తానంటాడు. ఒకటి రెండయితే ఒప్పుకోవచ్చు. అంతకు మించితే మన ఎండలకు ఆ రేడియేటర్ చాలదు, కొత్త కోర్ వేయించండి. పాత ట్యాంకులు అలాగే ఉంచి, అదే మందం, అన్నే వరుసల కోర్ కావాలని అడగండి. తిరిగి తీసుకునేటప్పుడు నీళ్ల తొట్టిలో ముంచి, మీ మూత మీద రాసిన ఒత్తిడికి గాలి పెట్టి చూపించమనండి. అంతకన్నా ఎక్కువ పెట్టనివ్వొద్దు.

లీకుకు పసుపు వేయడం మన డ్రైవర్లకు తెలిసిన చిట్కానే. పసుపు ఉబ్బి రంధ్రంలో ఇరుక్కుంటుంది, బండి ఇంటికి చేరుతుంది. ఆపదలో అంతవరకు వాడుకోండి. ఇంటికొచ్చాక కడిగేయాలి, ఎందుకంటే రంధ్రాన్ని మూసే పసుపే సన్నటి గొట్టాలనూ మూస్తుంది.

థర్మోస్టాట్

ఇక్కడ మీకూ మెకానిక్‌కూ మాట పట్టింపు వస్తుంది. "అది తీసేద్దాం సార్, మనకాడి ఎండలకు అదెందుకు?" అంటాడు. ఆయన చెప్పేదాంట్లో అనుభవం ఉంది. పాత థర్మోస్టాట్ మూసుకుని ఇరుక్కుపోతే ఇంజన్ నిమిషాల్లో ఉడుకుతుంది, అది తీసేయగానే బండి బాగవుతుంది. అయితే బాగయ్యింది ఆ భాగం చెడిపోవడం వల్లనే గానీ, అది అక్కర్లేకపోవడం వల్ల కాదు. థర్మోస్టాట్ లేని ఇంజన్ డిసెంబర్ పొద్దుల్లో చాలాసేపు చల్లగానే నడుస్తుంది. ఆయిల్ వేడెక్కదు, తేమ ఆవిరైపోదు, పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, సిలిండర్లు తొందరగా అరుగుతాయి. పైగా మూసుకుపోయిన రేడియేటర్ సంగతి కొన్నాళ్లు బయటపడకుండా దాగుతుంది.

కాబట్టి పరీక్షించి పెట్టండి. కొత్తదైనా సరే. గిన్నెలో నీళ్లు కాచి థర్మోస్టాట్‌ను అందులో వేసి తెరుచుకోనివ్వండి. బయటికి తీసి, వాల్వు సందులో గట్టి దారం పెట్టి చల్లారనివ్వండి. వాల్వు మూసుకుని దారాన్ని పట్టుకుంటుంది. ఇప్పుడు చల్లటి నీళ్ల గిన్నెలో, అడుగుకు తగలకుండా ఆ దారంతోనే వేలాడదీసి, పక్కన వంటింటి థర్మామీటర్ పెట్టి సన్నటి మంట మీద వేడి చేయండి. తెరుచుకోవడం మొదలైన క్షణాన అది దారం వదిలి నీళ్లలోకి జారిపడుతుంది. అప్పుడు థర్మామీటర్ ఎంత చూపిస్తే అదే దాని వేడి. 82 అని ముద్ర ఉన్నది ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూగా పడాలి. 90 దాటినా పడకపోతే పక్కన పెట్టేయండి. ఆ తర్వాత మరిగే నీళ్లలో పూర్తిగా తెరుచుకుంటోందా అన్నది కూడా చూడండి.

రబ్బరు భాగాలు, మూత, పంపు

అంబాసిడర్ తయారీ ఉత్తరపారలో 2014లో ఆగిపోయింది, పద్మిని అంతకు పదేళ్ల పైచిలుకు ముందే ఆగింది. కాబట్టి షాపువాళ్లు "ఒరిజినల్ పీసు" అని అటక మీంచి దించే హోస్ మంచిదని అనుకోవద్దు. రబ్బరు వాడకుండా పెట్టినా ఎండిపోతుంది. ఇనుప భాగాలకు పాత స్టాకు మేలే, రబ్బరుకు మాత్రం కొత్తగా తయారైనదే తీసుకోండి. వంచి చూస్తే పగుళ్లు కనిపించొద్దు, గోరుతో నొక్కితే వెంటనే తిరిగి పైకి రావాలి.

తీసేసిన కింది హోస్‌ను పారేయకముందు పొడవునా కత్తితో కోయండి. బయట నల్లగా నిగనిగలాడే పైపు లోపలి పొర చాలాసార్లు ఊడి వేలాడుతూ ఉంటుంది. పంపు నీళ్లను లాగే వైపు అది కాబట్టి, వేగం పెరిగినప్పుడు ఆ పొర దారికి అడ్డం పడుతుంది. ఊళ్లో బాగుండి హైవే మీద మాత్రమే వేడెక్కే బండ్లలో నేను మొదట అనుమానించేది ఈ హోస్‌నే. కొన్నిటికి లోపల స్ప్రింగు ఉంటుంది, హోస్ లోపలికి ముడుచుకుపోకుండా ఆపేది అదే. తుప్పు పట్టి విరిగితే కొత్తది వేయండి. స్ప్రింగు లేకుండా బిగించొద్దు.

క్లిప్పులు బిగించేముందు రేడియేటర్ మూతుల మీద తెల్లటి పొరను ఎమరీ పేపర్‌తో గీకేయండి. దాని మీదే హోస్ తొడిగితే ఎంత బిగించినా కారుతుంది.

మూత విషయంలో తెలివి చూపించబోయి చెడగొట్టుకునేవాళ్లు ఎక్కువ. పాత బండ్ల మూతలు 4 లేదా 7 పీఎస్‌ఐ లాంటి తక్కువ ఒత్తిడివి. 7 పీఎస్‌ఐ మూత సరిగ్గా పట్టి ఉంచితే నీళ్లు 100 దగ్గర కాకుండా దాదాపు 110 డిగ్రీల దాకా మరగకుండా ఉంటాయి. అట్లాగని కొత్త కార్ల 13, 15 పీఎస్‌ఐ మూత తెచ్చి పెడితే పాత మాట్లు ఊడతాయి. పాత మూత మీద రాసిన అంకె చూసి అదే తెచ్చుకోండి. అంకెతో పాటు లోతు కూడా కలవాలి. రబ్బరు రింగు లోపలి గట్టు మీద కూర్చోకపోతే మూత ఉన్నా లేనట్టే. ఇంజన్ చల్లారాక పై హోస్ లోపలికి నొక్కుకుపోయి కనిపిస్తే మూతలోని చిన్న వాల్వు పనిచేయడం లేదు.

పంపు ఎట్లాగూ విప్పారు కాబట్టి లోపలి రెక్కలు చూడండి. తుప్పు తినేసి సగమే మిగిలి ఉంటే బేరింగు, సీలు మార్చి లాభం లేదు, పంపే మార్చాలి. బెల్టును పొడవాటి వైపు బొటనవేలితో నొక్కితే అర అంగుళం దిగాలి. బిగువు ఎక్కువైతే కొత్త బేరింగు పోతుంది, తక్కువైతే ఫ్యాన్ జారుతుంది.

ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టించుకుందామా అని చాలామంది అడుగుతారు. కరెంటు తయారుచేసే పాతరకం డైనమో ఉన్న బండికి వద్దు. డైనమో ఇచ్చేదే 20 ఆంపియర్ల చిల్లర, ట్రాఫిక్‌లో నెమ్మదిగా తిరిగేటప్పుడు అదీ ఇవ్వదు. ఫ్యాన్ అవసరం సరిగ్గా అప్పుడే. దాని బదులు ఎక్కువ కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్ ఉంటే ఆలోచించండి, అది కూడా రేడియేటర్ బాగుచేయించాకే.

ఏం పోయాలి, ఎట్లా పోయాలి

ఎంత బాగుచేసినా బోరు నీళ్లు పోస్తే రెండేళ్లలో మళ్లీ మొదటికొస్తారు. బాత్రూం హీటర్ కాయిల్ మీద తెల్లగా పేరుకునే పొరే ఇంజన్ లోపల కూడా పేరుకుంటుంది. అది వేడిని బయటికి పోనివ్వదు. రోజూ కొంచెం కొంచెం నీళ్లు కలిపే కొద్దీ ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు లోపలే మిగులుతుంది. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ క్యాన్లు తెచ్చుకోండి.

మన దగ్గర నీళ్లు గడ్డకట్టవు కదా, కూలెంట్ ఎందుకంటారు. తుప్పు పట్టకుండా, పంపు సీలు ఎండకుండా అది కావాలి. రాగి రేడియేటర్‌కు, సీసం కలిసిన మాట్లకు పాతరకం కూలెంట్ సరిపోతుంది. ఎక్కువ కాలం వస్తాయని చెప్పే కొత్తరకం ఆర్గానిక్ కూలెంట్లు పాత మాట్లకు, పాత సీళ్లకు పడకపోవచ్చు. రంగు చూసి కొనొద్దు, రాగి–ఇత్తడి రేడియేటర్లకు పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉందా చూడండి. కలిపి అమ్మేది కాకపోతే మూడో వంతు కూలెంట్, మిగతాది డిస్టిల్డ్ వాటర్. రెండేళ్లకోసారి మార్చేయండి.

పోసేటప్పుడు బండి ముందు భాగం కొంచెం ఎత్తులో ఉండాలి, గాలి మూతి వైపు వచ్చేస్తుంది. మెల్లగా నింపి, మూత పెట్టకుండా ఇంజన్ నడపండి. థర్మోస్టాట్ తెరుచుకోగానే మట్టం ఒక్కసారిగా దిగుతుంది, మళ్లీ నింపండి. అంచు దాకా కాదు, అంగుళం కింది దాకా. పక్కన కూలెంట్ డబ్బా లేని పాత రేడియేటర్‌లో నీళ్లు వేడెక్కి పెరగడానికి ఆ చోటు కావాలి. అంచు దాకా నింపితే మిగిలింది ఓవర్‌ఫ్లో పైపులోంచి బయటికి పోతుంది. మర్నాడు తగ్గిందని మళ్లీ నింపితే మళ్లీ పోతుంది. లీకు లేని బండికి లీకు ఉందని తిప్పలు పడేవాళ్లలో సగం మంది కథ ఇదే.

మొదట ఊళ్లోనే తిప్పండి. మర్నాడు చల్లటి ఇంజన్ మీద మట్టం చూసి, క్లిప్పులు ఇంకోసారి బిగించి, అప్పుడు ములుగు రోడ్డెక్కండి. మేడారం జాతర లాంటి చోటికి పోయేలా ఉంటే, తాడ్వాయి దగ్గర గంటల తరబడి పాకే వరుసలో నిలబడే ముందే ఈ పరీక్ష అయిపోయి ఉండాలి.

దారిలో ముల్లు ఎరుపు వైపు పోతే పక్కకు తీసి, ఇంజన్ ఆపి, బానెట్ ఎత్తి, కనీసం ముప్పావు గంట దాన్ని ముట్టుకోకండి. బయటి నుంచి ఇంజన్ మీద చల్లటి నీళ్లు గుమ్మరిస్తే బ్లాకు పగలొచ్చు. చల్లారాక మూత తీసి, ఇంజన్ స్టార్ట్ చేసి, నడుస్తుండగానే కొద్ది కొద్దిగా పోయండి. ఆ సమయానికి దొరికింది బోరు నీళ్లే అయినా పోయండి, ఇంటికొచ్చిన వారంలోనే అవి దించి కూలెంట్ కలిపిన నీళ్లు నింపండి.

దించిన పాత కూలెంట్‌ను మోరీలో గానీ ఇంటి ముందు గానీ పారబోయొద్దు. అది తియ్యగా ఉంటుంది కాబట్టి కుక్కలు, మేకలు నాకుతాయి, కొద్దిగా తాగినా కిడ్నీలు పోయి చస్తాయి. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి, పిల్లలకు అందని చోట పెట్టి, పాత ఆయిల్ తీసుకునే గ్యారేజీలో దీన్నీ తీసుకుంటారా అని అడిగి ఇవ్వండి.